ఊరికే ఓ అరగంట

"ఈ వేళప్పుడు ఎక్కడికండీ? ఏమైనా కావాలా?"

సాయంత్రం అయిదున్నరకి మా పాప చెయ్యి పట్టుకుని వీధిలో నడుస్తుంటే ఎదురింటావిడ అడిగిన ప్రశ్న ఇది. నా చేతిలో సంచి లేదు, గుడికి వెళ్తున్న వాలకమూ కాదు. "ఏం లేదండీ, ఊరికే" అన్నాను. ఆవిడ నమ్మలేదు. నిజం చెప్పొద్దూ, పెళ్ళయిన ఇన్నేళ్ళలో పనేమీ లేకుండా వీధిలోకి వెళ్ళడం నాకూ అదే మొదటిసారి.

కారణం మా మూడో తరగతి పాప. ఫోనులో చూసి పాండా ఏం తింటుందో, పెంగ్విన్ ఎక్కడుంటుందో గడగడా చెప్పేస్తుంది. "మన గేటు ముందున్న చెట్టు పేరేంటే?" అంటే తెల్లమొహం వేసింది. పోనీ నేనైనా చెబుదామంటే నాకూ తెలీదు! పదేళ్ళుగా దాని ఆకులు ఊడుస్తున్నాను. చివరికి మా అత్తగారు చెప్పారు, అది కానుగ అని.

పిల్లలకి ప్రకృతి చూపించాలంటే కారు మాట్లాడుకోవాలి, సెలవు పెట్టాలి అనుకుంటాం. ఏలూరు వాళ్ళం మేమూ కైకలూరు దగ్గర ఆటపాక వెళ్ళి గూడబాతుల్ని చూసొచ్చాం. బాగుంది, కాదనను. కానీ ఏడాదికోసారి చూసేదానికీ, రోజూ చూసేదానికీ తేడా ఉంది. ఆ కానుగ ఆకునే తీసుకోండి. దానిమీద తెల్లటి గీతలు మెలికలు తిరిగి ఉంటాయి, ఎవరో ముగ్గు పెట్టినట్టు. ఆకు పైపొరకీ కిందిపొరకీ మధ్య ఓ చిన్న పురుగు తింటూ పోయిన దారి అది. మొదట సన్నగా మొదలై, పురుగు పెరిగేకొద్దీ గీత వెడల్పవుతుంది. ఈ సంగతి తెలిశాక మా పాప కనిపించిన ప్రతి ఆకు మీదా "ఇక్కడ చిన్నప్పుడు, ఇక్కడ పెద్దయ్యాక" అని వేలితో చూపిస్తూ నడిచింది. పది ఇళ్ళు దాటడానికి అరగంట పట్టింది.

మూలమీద ఖాళీ స్థలంలో ఓ జిల్లేడు ఉండేది. రథసప్తమికి తలమీద పెట్టుకోవడానికీ, చవితి పత్రికీ తప్ప మనం దాని వంక చూడం. దాని ఆకు కింద గసగసమంత తెల్లటి గుడ్డు కనిపించింది. నాలుగైదు రోజుల్లో అందులోంచి పురుగు వచ్చింది. నలుపు, తెలుపు, పసుపు చారలతో ఎంత ముద్దుగా ఉందో! నారింజ రంగు రెక్కల సీతాకోకచిలుక, ఇంగ్లీషులో ప్లెయిన్ టైగర్ అంటారు, దాని పిల్ల. జిల్లేడులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి రావు. (జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. చూడ్డమే తప్ప ఆకు తుంచకూడదని పాపకి ముందే చెప్పాను.)

రోజూ వెళ్ళి చూసేవాళ్ళం. పురుగు వేలెడంత అయ్యింది. తొమ్మిదో రోజు వెళ్ళేసరికి స్థలమంతా చదును. పాప ఏడుపు ఆపడం నా తరం కాలేదు.

స్థలం ఆయన్ని తప్పుపట్టలేను. పాములొస్తున్నాయని, దోమలని చుట్టుపక్కలవాళ్ళమే గొడవ చేశాం. అందులో నేనూ ఉన్నాను. పాముల భయం నిజమే. పిల్లల కాళ్ళకి చెప్పులుండాలి, పొదల్లో, కన్నాల్లో చెయ్యి పెట్టనివ్వకూడదు. కానీ డెంగ్యూ దోమ పెరిగేది జిల్లేడు మీద కాదు, నిలవ నీళ్ళలో. చెట్టు కొట్టేశారు, పాత టైరూ కొబ్బరి చిప్పలూ అక్కడే ఉన్నాయి. చెత్త తీయించి, గోడవారన రెండడుగుల మేర మొక్కల్ని ఉండనిస్తే ఎవరికీ నష్టం లేదు. ఇది అడగాల్సింది మనమే.

ఇంకో మాట. మగపిల్లలు ఎలాగో క్రికెట్టు పేరుతో వీధిలో తిరుగుతారు. ఆడపిల్లకి పన్నెండేళ్ళు వచ్చాయంటే వీధి ఆమెకి ట్యూషనుకి వెళ్ళే దారి మాత్రమే అయిపోతుంది. తల్లి కూడా తోడుగా నడిస్తే ఇంకొన్నాళ్ళయినా ఆ వీధి ఆమెదిగా ఉంటుంది. మరి వంటో అంటారు. అదీ ఆలోచించాను. వారానికి రెండ్రోజులు మావారు కుక్కరు పెడుతున్నారు. మొదటిరోజు నీళ్ళు ఎక్కువై అన్నం ముద్దయింది. తిన్నాం.

జూన్‌లో ఆరుద్ర కార్తె వచ్చి వానలు పడగానే ఎర్రటి మఖమల్ గుడ్డతో కుట్టినట్టుండే ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. కాళ్ళు లెక్కపెట్టమనండి, పెద్దవాటికి ఎనిమిదుంటాయి. సాలీడు బంధువు మరి! మన చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో పెట్టుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లల్లో చాలామంది చూసి ఉండరు.

మొన్న ధైర్యం చేసి స్థలం ఆయనకి ఫోను చేశాను. మొదలు దగ్గర మళ్ళీ చిగురేసింది, ఆ ఒక్క జిల్లేడునీ ఉండనివ్వమని అడిగాను. "జిల్లేడా?" అని నవ్వి, "చూద్దాం లెండమ్మా" అన్నారు. పాపకి అదే చెప్పాను.

"చూద్దాం అంటే అవుననా, కాదనా అమ్మా?" అంది.