ఆ గంటసేపు కాఫీ ఇవ్వకండి

మన డాలస్ సంఘం జులై వనభోజనాలకు తెల్లవారకముందే లేచి మూడు గంగాళాల పులిహోర కలిపిన వదినలకు, మండుటెండలో మొక్కజొన్న పొత్తులు కాల్చిన కుర్రాళ్లకు కృతజ్ఞతలు. ఆ పొత్తులు తింటూ మొదలైన మాటే నన్నింకా వదల్లేదు.

మన సభ్యుడొకాయన తన అన్నగారి అబ్బాయి ఇంటర్న్‌షిప్ కోసం మాదాపూర్‌లో ఒక కన్సల్టెన్సీకి ఇక్కణ్ణుంచి లక్షా ఎనభై వేలు పంపారు. ఆఫర్ లెటర్ వచ్చింది. కుర్రాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళితే షట్టర్‌కి తాళం. వాచ్‌మన్ అన్నాడట, ‘పొద్దున్నుంచి నువ్వు పదకొండోవాడివి బాబూ’ అని. ఆయన చెప్పడం ఆపాక ఇంకో ఇద్దరు మెల్లగా నోరు విప్పారు: ‘మేమూ కట్టాం.’

ఇంటర్న్‌కి కంపెనీయే స్టైపెండ్ ఇవ్వాలి. ఎదురు డబ్బు అడిగారంటే అది ఉద్యోగం కాదు. మోసపోతే సిగ్గుపడి కూర్చోక వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. అయినా ఒక మాట, కోపం తెచ్చుకోకండి. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన రోజుల్లో హైదరాబాద్ మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ కోర్సులకు డబ్బు కట్టి విమానమెక్కిన తరం మనది. రెజ్యూమేలో లేని అనుభవం రాసుకున్నవాళ్లు మనలో లేరా? దొడ్డిదారి ఎలా ఉంటుందో పిల్లలకు కొత్తగా ఎవరూ చూపించక్కర్లేదు.

అసలు గుబులు మా ఇంట్లోనే ఉంది. కూకట్‌పల్లిలో మా చెల్లెలి కొడుకు మూడో సంవత్సరంలోకి వచ్చాడు. వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకి ఎంపిక క్యాంపస్‌లలో ఇప్పుడే మొదలవుతుంది. ముందు ఆన్‌లైన్ పరీక్ష. అది దాటితే రెండు మూడు టెక్నికల్ రౌండ్లు, ఒక్కోటి ముప్పావుగంట నుంచి గంట. ఆపైన హెచ్‌ఆర్. మొన్న నేనే వీడియోలో ప్రశ్నించాను: లింక్డ్ లిస్ట్‌లో చుట్టు ఉందో లేదో కనిపెట్టమని. గడగడా కోడ్ రాసేశాడు. ‘ఒక పాయింటర్ రెండడుగులు, ఇంకోటి ఒకటే అడుగు వేస్తే అవి ఎందుకు కలవాలిరా?’ అన్నాను. మౌనం. ఫ్యాన్ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఇంతలో పక్కనుంచి మా చెల్లెలి చేయి, కాఫీ గ్లాసు, ‘చెప్పరా, నిన్న చెప్పావుగా’ అనే గొంతు.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూసేది సరిగ్గా ఆ మౌనాన్నే. వెంటనే సరైన జవాబు రాకపోయినా ఫర్వాలేదు. ప్రశ్నలో తెలియనిది తిరిగి అడగాలి, మొరటు పద్ధతైనా ముందు పైకి చెప్పాలి, దానికి ఎంత సమయం పడుతుందో లెక్కగట్టాలి, ఖాళీ లిస్ట్ ఇస్తే ఏమవుతుందో తనే చూసుకోవాలి. రెజ్యూమేలో ప్రాజెక్ట్ ఉంటే అందులో తను రాసిన ముక్క ఏదో తెలియాలి. పెద్దల ముందు నోరెత్తకపోవడమే మర్యాదని పెంచాం. ఇప్పుడు వాణ్ణి గంటసేపు పైకి ఆలోచించమంటే మాట ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఏఐ చెవిలో చెబుతుందిలే అనుకుంటున్నవాళ్లకీ ఒక మాట. కనీసం ఒక రౌండైనా ఎదురుగా కూర్చోబెట్టి చేస్తామని గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ 2025లోనే చెప్పారు. కళ్లు పక్క స్క్రీన్ మీదికి పోవడం కెమెరాలో ఇట్టే తెలిసిపోతుంది. రెఫరల్ కావాలని అర్ధరాత్రి నాకు ఫోన్ చేసే అన్నయ్యలారా, దాంతో రెజ్యూమే ఒకరి కంటబడుతుందంతే, లోపల మాట్లాడాల్సింది మీవాడే. దయచేసి వాణ్ణి మాట్లాడనివ్వండి.

ఆగస్టునుంచి ప్రతి శనివారం ఉదయం తొమ్మిదికి, మన డాలస్ టైములో, అంటే హైదరాబాద్‌లో రాత్రి ఏడున్నరకి, నమూనా ఇంటర్వ్యూలు పెడుతున్నాం. అడిగేవాళ్లు నలుగురే ముందుకొచ్చారు, ఇంకో ఆరుగురు కావాలి. తల్లిదండ్రులకు ప్రవేశం లేదు.

మావాడికి మొదటి రౌండ్ వచ్చే గురువారం. ఆ గంటసేపు కాఫీ ఇవ్వొద్దని చెల్లెలికి గట్టిగా చెప్పాను. ‘తలుపు సందులోంచి చూడొచ్చా అన్నయ్యా?’ అంటోంది.