కోరి చేయు వనవాసము

మన కావ్యములలో వనవాసము శిక్ష. రాముడైనను, పాండవులైనను తామై కోరి అడవికి పోయినవారు కారు. అయినను వారి మనస్సులకు పదును పెట్టినది ఆ అడవియే గాని అంతఃపురము కాదు. ఏటేట ఈ కథలు బోధించు ఉపాధ్యాయులు తమ విద్యార్థులను ఒక్క రాత్రియైనను ఆరుబయట నేలపై నిద్రింపజేయుటకు ఏల వెనుదీయవలెను?

1907 ఆగస్టులో బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవికి సుమారు 20 మంది బాలురను తీసికొనిపోయి గుడారములలో ఉంచెను. కలవారి బిడ్డలును, శ్రామికుల బిడ్డలును అచట కలసి మసలిరి. స్కౌటు ఉద్యమమునకు అదియే నాంది.

అట్టి తావు మనకును కలదు. ఆరణి, కాళంగి నదుల నీరు సముద్రజలముతో కలియు పులికాటు సరస్సు, ఇట్టి సరస్సులలో చిలికా తరువాత దేశమున రెండవది. 2022 వరకు నెల్లూరు జిల్లాలో నుండి, నేడు తిరుపతి జిల్లాకు చెందిన భాగమున ఇరకము, వేనాడు వంటి దీవులు కలవు. ఇరకము వారు తరతరములుగా పడవలనే నమ్ముకొని బ్రతికిరి. చలికాలమున ఫ్లెమింగోలు అచటి లోతు లేని నీటిలో మేతకు దిగును.

పెద్ద విడిదిగృహములు కట్టినగాని విద్యార్థులు అచటికి పోజాలరని కొందరందురు. అది సరికాదు. మీట నొక్కిన వెలుగు దీపము ఊరిలోనే కలదు గదా! దీవిలో నేర్వవలసినది వేరు: గాలివాటు చూచి గుడారము నాటుట, వెంట తెచ్చిన కట్టెలతో పొయ్యి రగిల్చుట, ఒక్క బిందె నీటితో పదిమంది పూట గడుపుట. ఉప్పునీటి నడుమ మంచినీటి విలువ తెలిసినంతగా తరగతి గదిలో తెలియదు.

అయితే ఆదిమజీవనమును ఆటగా మాత్రమే చూడరాదు. ఆ చెంతనే ఉన్న శ్రీహరికోటలో యానాదులు తేనె, దుంపలు, మూలికలు సేకరించి జీవించిరి. 1969లో రాకెట్టు కేంద్రమునకు ఆ దీవిని ఎన్నుకొన్న పిదప వారి జీవనరీతియే మారిపోయినది. 1971లో అచటినుండి తొలి రాకెట్టు ఎగసినది. ఆ సంవత్సరమును మన విద్యార్థులు ఒప్పచెప్పగలరు. ఆ అడవినెరిగినవారి విద్య మాత్రము ఏ పరీక్షలోను ప్రశ్న కాలేదు. మనకు ఒకనాటి వినోదమైన గుడిసె వారికి ఇల్లు.

కావున పోవువారు అతిథులవలె పోవలెను. పులికాటు 1976 నుండి పక్షిరక్షణ కేంద్రము; అటవీశాఖ అనుమతియు, ఊరివారి సమ్మతియు లేక అడుగిడరాదు. తుపానుల కాలము దాటనిచ్చి, పదిపదిహేనుమందికి మించకుండ పోవుట మేలు. మైకులు వలదు. తెచ్చిన ప్లాస్టికు సంచులను తిరిగి తీసికొనిపోవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ రాత్రికి గురువు పాఠశాలనుండి వచ్చిన ఉపాధ్యాయుడు కారాదు. నీటినెరిగిన ఒక జాలరియో, చెట్టునెరిగిన ఒక యానాదియో ఆ పీఠమున కూర్చుండవలెను. వారికి తగిన పారితోషికము ముట్టవలెను. ఉపాధ్యాయుడును విద్యార్థుల సరసన కూర్చుండి వినవలెను.