మనవాళ్ల యుద్ధాన్ని కాదనేదెవరు?

పోయిన నెలలో ఒక సాయంత్రం తెలీబంధా చెరువు గట్టు మీద నడుస్తుంటే, ముప్పయ్యేళ్లుగా ఎరిగిన ఒక వామపక్ష మిత్రుడు నన్ను ఆపాడు. బస్తర్‌లో కాల్పులు ఆపి చర్చలు జరపాలని మా విహారం ఒక విజ్ఞప్తి పంపాలన్న నా ప్రయత్నం అతని చెవిన పడింది. "మీ బౌద్ధుల శాంతి లొంగుబాటు శాంతి అన్నా. యుద్ధాన్ని ఎదిరించడమంటే ఏమిటో ఫ్రాన్స్ వామపక్షాన్ని చూసి నేర్చుకో" అన్నాడు.

సరే, చూద్దాం.

ఫ్రాన్స్ వామపక్షానికి యుద్ధ వ్యతిరేకతలో గొప్ప పేరుంది. అందులో జాఁ జోరెస్‌ది మొదటి పేరు. నిర్బంధ సైనిక సేవను మూడేళ్లకు పెంచే చట్టానికి వ్యతిరేకంగా 1913లో ఆయన పిలుపుకి పారిస్ శివార్లలో లక్షమందికి పైగా జనం కదిలారు. మరుసటి ఏడు జులై 31 రాత్రి ఒక హోటల్లో భోజనం చేస్తుండగా ఒక జాతీయోన్మాది ఆయన్ని కాల్చి చంపాడు. ఇంతవరకు మా మిత్రుడికి తెలుసు. ఆ తర్వాతి కథ దగ్గరే మాట తప్పిస్తాడు. ఆగస్టు 4న జోరెస్ అంత్యక్రియలు జరిగాయి. అదే రోజు ఆయన పార్టీ సభ్యులు పార్లమెంటులో యుద్ధ నిధులకు ఏకగ్రీవంగా చేతులెత్తారు. ఆ నెల గడవకముందే మార్క్సిస్టు పెద్ద జూల్ గెడ్ యుద్ధ మంత్రివర్గంలో చేరాడు. హంతకుణ్ణి 1919లో జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. కేసు ఖర్చులు జోరెస్ భార్య మీద పడ్డాయి. లా చదివినవాణ్ణి గనుక ఈ సంగతి నన్ను మిగతావాటికన్నా ఎక్కువ బాధపెడుతుంది.

ఇంకోసారి చూడండి. 1956లో అల్జీరియా స్వాతంత్ర్య పోరాటాన్ని అణచడానికి ప్రత్యేక అధికారాలు అడిగింది సోషలిస్టు ప్రధాని గీ మొలే. కమ్యూనిస్టు సభ్యులు కూడా వాటికి ఓటేశారు. నాలుగేళ్ల తర్వాత, ఆ యుద్ధంలో ఆయుధం పట్టనన్న యువకుల పక్షాన 121 మంది రచయితలు, కళాకారులు, మేధావులు సంతకాలు పెట్టారు. ఆ ప్రకటన ఏ పెద్ద పార్టీ కార్యాలయం నుంచీ రాలేదు.

అవతలివాడి యుద్ధాన్ని ఖండించడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. మనవాళ్లు చేసే యుద్ధం దగ్గరే నాలుక మడతపడుతుంది. మా మిత్రుడు నేర్చుకోమన్న చరిత్ర నాకు నేర్పింది ఇదే.

తెలుగునేల మీద ఈ పరీక్షకు నిలబడినవాళ్లు ఉన్నారు. ఎస్.ఆర్. శంకరన్ ముందుండి 1997లో పౌరస్పందన వేదికను నడిపారు. బూటకపు ఎన్‌కౌంటర్ల గురించి ప్రభుత్వాన్ని అడిగినట్టే, పల్లెల్లో చేసే హత్యల గురించి నక్సలైట్లనూ అడిగారు. పౌరహక్కుల సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసిన కె. బాలగోపాల్, విప్లవోద్యమ హింస గురించి మౌనంగా ఉండలేనని బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదికను ఏర్పాటు చేయడంలో ముఖ్యుడయ్యారు. ఆయన్ని అప్పుడు ఎన్ని మాటలన్నారో ఆ కాలపు పత్రికలు చూసినవాళ్లకు గుర్తే. పోలీసుల చేత దెబ్బలు తిన్న మనిషిని పట్టుకుని రాజ్యం వైపు పోయాడన్నారు!

శంకరన్ గారి బృందం ఏళ్లతరబడి చేసిన శ్రమ వల్ల 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వమూ మావోయిస్టులూ ఎదురెదురుగా కూర్చున్నారు. నాలుగు రోజుల మాటలు. 2005 జనవరికల్లా అంతా పాడైంది. ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డిని, ఆయనతో ఉన్నవాళ్లను మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకే ప్రభుత్వం మళ్లీ నిషేధం పెట్టింది. అదే ఏడు జూన్‌లో ఇటు మా ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం మొదలైంది. ఊళ్లు తగలబడ్డాయి. కోయలు గోదావరి వైపు పారిపోయి ఖమ్మం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు.

2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ తీర్పు వచ్చింది. చదువు అంతంతమాత్రంగా ఉన్న ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా యుద్ధంలోకి తోయడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని అన్నది. ఆ రోజు ఇక్కడ స్వీట్లు పంచినవాళ్లలో నేనూ ఉన్నాను. హిందీలో సారాంశం రాసి జిరాక్సులు తీయించి పంచాను. ప్రభుత్వం నెలలు తిరక్కుండానే కొత్త చట్టం చేసి అదే యువకులను సహాయక దళంలోకి తీసుకుంది. దాన్నీ ఖండిస్తూ రాశాను.

కాని రాయనిది ఒకటుంది. ఆ తర్వాతి సంవత్సరం, ఇన్ఫార్మర్ అన్న ముద్ర వేసి ఒక ఆదివాసీ రైతును అడవిలో చంపారు. అతని తమ్ముడు రాయపూర్ వచ్చి నా ఇంట్లో కూర్చుని నాలుగు ముక్కలు రాసిపెట్టమని అడిగాడు. రాశాను. మిత్రులు "ఇప్పుడు వద్దన్నా, జుడుం వాళ్లు వాడుకుంటారు" అన్నారు. కాగితం సొరుగులో పెట్టాను. నేనూ ఆగస్టు 4న చేయెత్తినవాణ్ణే.

బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో సిద్ధార్థుడు ఇల్లు విడిచిన కారణం ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూడడం కాదు. రోహిణి నీళ్ల కోసం కోలియుల మీద యుద్ధం చేయాలని శాక్య సంఘంలో సేనాపతి తీర్మానం పెట్టాడు. సిద్ధార్థుడు లేచి కాదన్నాడు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, ఆ నలుగురు ఎంచుకున్న ఐదోవాడు కలిసి తగవు తీర్చాలన్నాడు. ఓటింగులో ఓడిపోయాడు. కుటుంబాన్ని వెలివేస్తామన్నా, భూములు లాక్కుంటామన్నా యుద్ధానికి రానన్నాడు. ఆయన మాట్లాడింది కోలియుల సభలో కాదు, తన సొంత సంఘంలో! మన ఇళ్లలో ఈ పుస్తకం ఉంది. ఈ అధ్యాయం ఎంతమంది చదివారు?

ఇక మన ధమ్మ బంధువులతో తగవు. "అది సర్కారుకీ నక్సలైట్లకీ మధ్య గొడవ, మనకెందుకు" అంటారు. అటు తుపాకీ పట్టినవాడు ఆదివాసీ, ఇటు డీఆర్‌జీలో పట్టినవాడూ ఆదివాసీ. చచ్చేది వాళ్లే అయినప్పుడు మనకెందుకు కాదు? "అహింస అంటే చేతులు ముడుచుకోవడమా" అని ఇంకొందరు. బాబాసాహెబ్ అహింసను సూత్రమన్నారు, గుడ్డిగా పాటించే నియమం అనలేదు. చంపక తప్పని స్థితి వేరు, చంపాలన్న కోరిక వేరు అని విడదీసి చెప్పారు. 2026 మార్చి 31 అని తేదీ గడువు పెట్టి మనుషుల్ని వేటాడటం ఇందులో దేనికిందికి వస్తుంది? ఇన్ఫార్మర్ అని గొంతు కోయడం దేనికిందికి వస్తుంది?

2025లో మావోయిస్టులు చర్చలకు సిద్ధమన్నారు. హైదరాబాదులో శాంతి చర్చల కమిటీ కాల్పులు ఆపమని అడిగింది. ఢిల్లీ వినలేదు. మే 21న నారాయణపూర్ అడవుల్లో పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లావాడు నంబాల కేశవరావుతో పాటు ఇరవై మందికి పైగా చనిపోయారు. మన తెలుగు పేటల్లో కొందరు టపాకాయలు కాల్చారు, కొందరు వీరుడన్నారు. అదే పోరులో చనిపోయిన డీఆర్‌జీ జవాను గురించి ఈ రెండోవాళ్లు మాట్లాడలేదు.

మొన్న ఆదివారం వందన అయ్యాక విజ్ఞప్తిని విహార కమిటీ ముందు పెట్టాను. ప్రభుత్వం కాల్పులు ఆపాలి, పార్టీ ఊళ్లలో హత్యలు ఆపాలి, రెండు వాక్యాలూ ఒకే కాగితం మీద. మొదటి వాక్యం తీసెయ్యమని నలుగురు, రెండోది తీసెయ్యమని ముగ్గురు. ఉన్నది ఉన్నట్టు పంపుదామన్నది నేనూ, కూరగాయలమ్మే ఒక అక్కా. వీగిపోయింది. వచ్చే పౌర్ణమికి మళ్లీ పెడుతున్నాను. సొరుగులోని ఆ పాత కాగితం కూడా ఈసారి దానికి జతచేశాను.