కథ మన ఇంట్లోనే ఉంది

కథలు రాసేవారికి వస్తువు ఎక్కడ దొరుకుతుందని చాలామంది అడుగుతుంటారు. బాగా చదవాలని కొందరు, దేశాలు తిరగాలని కొందరు చెబుతారు. మనలాగే తెలుగునేలకు దూరంగా పుట్టి పెరిగిన ఒక రచయితకు మాత్రం అది తన ఊళ్లోనే, పెద్దల నోటనే దొరికింది. ఆయనే కి. రాజనారాయణన్. తమిళ పాఠకులకు 'కి.రా.'

తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ ఆయన స్వగ్రామం. నల్లరేగడి సీమ. ఇంటి భాష తెలుగు. హైస్కూలు చదువైనా పూర్తి కాలేదు. సేద్యం చేసుకుంటూ, ముప్పై ఏళ్లు దాటాక కథలు రాయడం మొదలుపెట్టారు.

1976లో వచ్చిన ఆయన నవల 'గోపల్ల గ్రామం'లో నూరేళ్లు ఎప్పుడో దాటిన మంగత్తాయారు అనే అవ్వ తమవాళ్ల వలస కథ చెబుతుంది. ఏలినవారి కన్ను పడిన ఆడపిల్లను కాపాడుకోవడానికి ఆ కుటుంబం ఇల్లూ వాకిలీ వదిలి దక్షిణానికి బయలుదేరింది. వెనుక నుంచి మనుషులు తరుముకొస్తుంటే, ఏటి ఒడ్డున ఒక చెట్టు వంగి వాళ్లను అవతలి గట్టుకు దాటించింది. ఇటువంటి కథ తమిళనాట స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో చాలాచోట్ల వినబడుతుంది. చెట్టు నిజంగా వంగిందా అంటే ఏం చెబుతాం? కానీ ఆడపిల్లను గురించిన ఆ భయమూ, అడవిని పొలం చేసుకున్న ఆ కష్టమూ విన్నవారికి అబద్ధమనిపించవు. కథకు అంతకన్నా ఏం కావాలి?

ఆ నవలకు తరువాయి భాగమైన 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. కి.రా. ఊరూరా జానపద కథలు సేకరించారు. తమ సీమ పలుకుబళ్లకు నిఘంటువు కూర్చారు. పెద్ద చదువులు లేని ఈ రైతును 1980ల చివర్లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి ఆచార్య పదవి ఇచ్చింది. 2021లో ఆయన పుదుచ్చేరిలో కన్నుమూశారు.

మన తెలుగు వలస కథ తమిళంలో అచ్చయిందే అని కొందరికి మనసు చివుక్కుమనవచ్చు. బడిలో ఆయనకు వచ్చిన అక్షరాలు అవే కదా! ఆయన రాయకపోతే ఆ కథ అవ్వలతోనే పోయి ఉండేది.

షోలాపూరుకు మగ్గాల పని మీద వెళ్లిన కుటుంబానికైనా, బరంపురంలోనో బెంగుళూరులోనో తరాలుగా ఉన్న కుటుంబానికైనా ఇటువంటి కథ ఒకటి ఉంటుంది. మొదట వచ్చినదెవరు? ఎందుకు వచ్చారు? వెంట ఏం తెచ్చుకున్నారు? తొలి ఏడాది ఎలా గడిచింది? ఈ సెలవుల్లో పిల్లలను తాతయ్య, అమ్మమ్మల దగ్గర కూర్చోబెట్టి అడిగించండి. చెప్పినది చెప్పినట్టే రాయించండి. ఆ యాసను దిద్దకండి. తెలుగు లిపి రాని పిల్లలు కన్నడంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో రాసుకున్నా ఫరవాలేదు. తరవాత తీరిగ్గా తెలుగులోకి మార్చుకోవచ్చు. ముందు చెప్పేవారు ఉండగా వినాలి.