తొమ్మిదిన్నర గంటలా? పదమూడు గంటలా?

ఫిన్లాండు రాజధాని హెల్సింకీ నుండి జపాను రాజధాని టోక్యోకు ఎంత దూరమని అడిగినచో, సుమారు 7,800 కిలోమీటర్లని గణిత విద్యార్థి లెక్కించి చెప్పగలడు. విమానములో ఎంతసేపని అడిగినచో మాత్రము, ఏ సంవత్సరములో అని మనము ఎదురు ప్రశ్న వేయవలసి యుండును.

గోడపటము మీద ఈ రెండు నగరములను స్కేలుతో కలిపినచో గీత కజకిస్తాన్, మంగోలియాల వైపుగా పోవును. గ్లోబు మీద దారము బిగించి చూచినచో అది ధ్రువవృత్తమును దాటి, ఉత్తర సైబీరియా మీదుగా వంగి టోక్యోకు దిగును. భూమి గుండ్రనిది గనుక ఆ వంపు దారియే దగ్గరి దారి. ఇంతవరకు భూగోళ శాస్త్రము. అయితే ఆ దారము క్రింది నేల చాలవరకు రష్యాది. రాజనీతి ఇచ్చటనే ప్రవేశించును.

సైబీరియా ఆకాశమును సోవియట్ ప్రభుత్వము పాశ్చాత్య విమానములకు సులభముగా విడువని రోజులలో, 1957లో, స్కాండినేవియా దేశముల విమాన సంస్థ కోపెన్‌హేగన్ నుండి ధ్రువ ప్రాంతము మీదుగా, అలాస్కాలోని ఆంకరేజ్‌లో ఆగి, టోక్యోకు సర్వీసు ప్రారంభించినది. 1983లో ఫిన్‌ఎయిర్ వారి డి.సి.-10 విమానము ఆ మజిలీ కూడ లేకుండ, ఉత్తర ధ్రువము మీదుగానే హెల్సింకీ నుండి టోక్యో చేరినది. పట్టిన కాలము సుమారు 13 గంటలు. అటు పిమ్మట సైబీరియా దారి తెరచుకొనినది. ప్రయాణము తొమ్మిదిన్నర గంటలకు తగ్గినది. ఆసియాకు దగ్గరి ఐరోపా ద్వారమని హెల్సింకీ పేరు తెచ్చుకొన్నది ఈ సౌకర్యము వల్లనే.

2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయిన్‌పై దండెత్తినది. ఐరోపా దేశములు రష్యా విమానములకు, రష్యా వారి విమానములకు ఆకాశమును మూసివేసినవి. మార్చిలో అదే ఫిన్‌ఎయిర్ మరల ధ్రువము దారి పట్టినది. మరల 13 గంటలు! 39 సంవత్సరముల శాస్త్రాభివృద్ధి, తేలికైన విమానములు, మేలైన ఇంజనులు, ఇవన్నియు ఉండియు గడియారము 1983కు మరలినది. ధ్రువము దాటినందుకు ప్రయాణికులకు ప్రశంసాపత్రములు ఇచ్చిరి. అదనముగా కాలిన ఇంధనమునకు ఆ కాగితము ఏపాటి ఊరట?

విజ్ఞానము దూరమును జయించినదని వ్యాసరచన పోటీలలో మన విద్యార్థులు ఏటేట వ్రాయుచున్నారు. మేము దీనిని అంగీకరింపము. ఇంజను వేగమును పెంచగలదు గాని, పొరుగు దేశము మూసిన దారిని తెరువజాలదు. ఇది ఐరోపా వారి కథ మాత్రమే కాదు. 2025 ఏప్రిల్‌లో భారత, పాకిస్తానులు ఒండొరుల విమానములకు ఆకాశమును మూసినపుడు, ఢిల్లీ నుండి పశ్చిమమునకు పోవు మన విమానములు చుట్టుదారి పట్టవలసి వచ్చినది.

కళాశాల కమిటీ వారికి మా విన్నపము ఒక్కటే. గ్రంథాలయములోని గోడపటము ప్రక్కన ఒక పెద్ద గ్లోబును, ఒక దారపు ఉండను ఉంచవలెను. ఉర్దూ శాఖ వారైనను, తెలుగు శాఖ వారైనను, విద్యార్థులు తమ చేతులతో దారము బిగించి, అది ఏయే దేశముల మీదుగా పోవుచున్నదో వ్రాసికొని, ఆ తరువాత వ్యాసము మొదలుపెట్టుదురు గాక.