గోమార్ల జ్వరమేనా? గుండె కూడా చూపించండి

పదేళ్ల లాబ్రడార్ వీధి చివరిదాకా నడిచి, ఉన్నట్టుండి కూలబడిందనుకోండి. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి. సాయంత్రానికి మామూలుగా లేచి పెరుగన్నం తినేస్తుంది. ఇలాంటప్పుడు గోదావరి జిల్లాల్లో ముందు అనుమానం గోమార్ల మీదికే పోతుంది. తప్పేం లేదు, అవి తెచ్చే జ్వరాల్లోనూ రక్తం తగ్గి చిగుళ్లు పాలిపోతాయి. కానీ వయసు మళ్లిన కుక్క పడిపోయి, తనంతట తానే లేచిందంటే గుండెనూ అనుమానించాలి.

కుక్క గుండెకు వచ్చే కణితుల్లో ఎక్కువగా కనిపించేది హెమాంజియోసార్కోమా. రక్తనాళాల కణాల్లో పుట్టే క్యాన్సర్ ఇది. గుండె కుడివైపు పైగదిని పట్టుకుంటుంది. జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్లకు ముప్పు ఎక్కువ. కణితి చిట్లితే నెత్తురు గుండె చుట్టూ ఉన్న సంచిలో చేరుతుంది. ఇక గుండెకు విచ్చుకునే చోటుండదు, కుక్క కూలబడుతుంది. కొద్దిగా కారి ఆగితే ఆ నెత్తురు ఒంట్లోకే ఇంకిపోయి తేరుకుంటుంది. ఇంటిల్లిపాదినీ మోసం చేసేది ఈ తేరుకోవడమే.

కొన్నిటికి పొట్ట ఉబ్బుతుంది. నీరు దిగడానికని మాత్రలు వేస్తే కీడే ఎక్కువ, గుండెకు చేరే రక్తం ఇంకా తగ్గిపోతుంది. కావలసింది ఎకో పరీక్ష. పక్కటెముకల మధ్య సూది గుచ్చి ఆ నెత్తురు లాగేస్తే చాలా కుక్కలు అక్కడికక్కడే తెప్పరిల్లుతాయి. లాగింది గాజుగొట్టంలో గడ్డకడితే సూది గుండెలోకే దిగిందేమోనని డాక్టర్లు జాగ్రత్తపడతారు. కుక్క పడిపోయి ఉంటే ముందు దగ్గర్లోని డాక్టరే గతి. నిలకడగా ఉంటే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల రాజమండ్రికి దాదాపు 140 కిలోమీటర్లు. ఎకో దొరుకుతుందో లేదో ఫోన్‌లో కనుక్కుని బయల్దేరడం మేలు.

సూదితో వచ్చే ఉపశమనం తాత్కాలికమే. ఈ క్యాన్సర్‌కు మందు పడకపోతే మిగిలేది తరచూ రోజులు, వారాలు. డాక్సోరుబిసిన్ 3 వారాలకోసారి ఎక్కిస్తే సుమారు 4 నెలలు. మోతాదు మించితే ఆ మందు గుండెనే దెబ్బతీస్తుంది. అదో చిత్రం. క్యాన్సర్‌ను మందుతో లొంగదీయవచ్చని 1948లో చూపిన ఆమినాప్టెరిన్ మాత్రం భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం చలవే.

అన్ని కణితులూ ఇంత తొందరపెట్టవు. బాక్సర్, బుల్‌డాగ్ జాతుల్లో గుండె మొదట్లో, పెద్ద రక్తనాళాల దగ్గర ఒకటి పుడుతుంది. నిదానంగా పెరుగుతుంది. గుండె సంచిని కోసి తీసేస్తే ఏడాది, రెండేళ్లు బతికిన కుక్కలున్నాయి. ఎకో నూటికి నూరుపాళ్లూ తేల్చలేకపోయినా కణితి ఏ చోట ఉందో చాలావరకు చూపిస్తుంది. ఖర్చు లెక్కలకన్నా ముందు డాక్టర్‌ని అడగాల్సింది ఆ చోటు గురించే.