తినదగిన సిరా

పుట్టినరోజు కేకు పెట్టె మూత తీయగానే, లోపలి నుంచి ఆ పిల్లవాడే నవ్వుతూ చూస్తాడు. పైన ఉన్నది అట్టముక్క కాదు, ఫోటో కాగితమూ కాదు. కోసి, పంచి, తినవలసిన బొమ్మ అది. చాలా ఇళ్లలో చిక్కు అక్కడే వస్తుంది. కత్తి చేతిలో ఉన్నా బిడ్డ ముఖం మీద గాటు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. ‘‘మూల నుంచి కొయ్యి నాయనా’’ అంటుంది అమ్మమ్మ. చుట్టూ ఉన్న కేకు అయిపోయి ముఖం మాత్రం పళ్లెంలో మిగిలిపోతుంది.

ఈ బొమ్మను వేసే యంత్రం కొత్తదేమీ కాదు. ఆఫీసు బల్లల మీద కనిపించే ఇంక్‌జెట్ ప్రింటరు వంటిదే. వెంట్రుక కన్న సన్నని రంధ్రాల గుండా సిరా బిందువులను చిమ్ముతూ పోతుంది. సిరాబుడ్డిలో ఆహారపు రంగులు, కాగితం స్థానంలో తినదగిన పొర ఉంటాయి, తేడా అంతే. అమెరికాలోని షికాగో నగరంలో ‘మోటో’ అనే భోజనశాలను నడిపిన హొమారో కాంటూ అనే వంటవాడు ఇటువంటి ప్రింటరుతోనే వంటకాల పట్టికను తినదగిన కాగితం మీద ముద్రించి అతిథుల ముందు పెట్టేవాడు. చదవడం కాగానే నమిలివేయవచ్చు!

పొరలు ప్రధానంగా రెండు రకాలు. బంగాళాదుంప పిండి, నీరు, కొద్దిపాటి నూనెతో చేసేది వేఫర్ కాగితం. ఆత్రేయపురం పూతరేకును చేతిలోకి తీసుకున్నవారికి దీని స్వభావం వేరే చెప్పనక్కరలేదు. బోర్లించిన వేడి కుండ మీద బియ్యపు పిండి జావలో ముంచిన గుడ్డను పరచి లాగితే లేచే పొర అది. ఇది దానికి దూరపు చుట్టం. పొడిగా ఉన్నంతసేపు పెళపెళలాడుతుంది, తడి తగిలిందా ముడుచుకుపోతుంది. రెండవదైన ఐసింగ్ షీటులో పంచదార, పిండిపదార్థం, జిగురు, గ్లిజరిన్ ఉంటాయి. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది గనుక పొర మెత్తగా వంగుతుంది. గాలికి వదిలితే ఎండి పగులుతుంది.

ప్రింటరులో ఉండే రంగులు నీలం, ముదురు గులాబి, పసుపు, నలుపు, ఈ నాలుగే. తెల్ల సిరా లేదు. బొమ్మలో పిల్లవాని పళ్ల తెలుపు నిజానికి పొర తెలుపే. అందుకే నల్లని చాక్లెట్ కేకు మీదనైనా ముందు తెల్లని పొర పరచవలసిందే. ఆహారపు రంగులు మామూలు సిరాలంత విస్తారమైనవి కావు. ముఖాలు ఒకింత ఎర్రబారుతాయి. అనుభవజ్ఞులు ముద్రణకు ముందే ఫోటో వెలుగును కొంచెం పెంచుకుంటారు.

అతికించడంలో నేర్పంతా తేమ దగ్గరే ఉన్నది. అప్పుడే పూసిన వెన్న క్రీము మీద ఐసింగ్ షీటును పరిస్తే, క్రీములోని తేమను పీల్చుకొని కాసేపటికి దానిలో కలిసిపోతుంది. గిలకొట్టిన పాల క్రీములో నీరు ఎక్కువ, రంగులు పాకుతాయి. అటువంటి కేకుకు కోసే వేళ దగ్గరపడ్డాకనే బొమ్మ పెట్టాలి. వేఫర్ కాగితానికి నీరు పనికిరాదు, అడుగున పలుచగా జామ్ రాయాలి. విజయవాడ వేసవిలో ఫ్రిజ్ నుంచి తీసిన కేకు మీద క్షణాల్లో చెమట పడుతుంది, నవ్వే ముఖం ఏడుపు ముఖమవుతుంది.

ఇదంతా అందం మాట. ఆరోగ్యం మాట వేరు. మిరపకాయ బజ్జీలను వార్తాపత్రికలో చుట్టి ఇవ్వరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది. నూనెకు అంటుకున్న సిరాకే అంత భయమైతే, సిరానే తినిపించే చోట ఎంత జాగ్రత్త కావాలి! ఆఫీసులో వాడి విడిచిన ప్రింటరులో తినదగిన సిరా పోసినంత మాత్రాన అది శుద్ధి కాదు. గొట్టాలలో, తలలో పాత సిరా మిగిలే ఉంటుంది. ఈ పనికి వాడే యంత్రం మొదటి రోజు నుంచీ ఈ పనికే కేటాయించినదై ఉండాలి. ఇక లేజర్ ప్రింటరు ఊసే ఎత్తరాదు. అందులోని పొడి చాలావరకు ప్లాస్టిక్కే.

అసలు మోసగించే మాట ‘నాన్ టాక్సిక్’. విషం కాదన్నంత మాత్రాన ఆహారమని అర్థం కాదు. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 2018 అక్టోబరులో ఒక పుట్టినరోజు కేకు తిన్న ఆరుగురు పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ ఏడాది నుంచి పదకొండేళ్ల లోపువారే. కేకు మీది మెరుపు పూతకు వాడిన పొడి ఆహారం కోసం తయారైనది కాదు. అది మెత్తగా నూరిన రాగి. అది బొమ్మల సిరా కాదు, నిజమే. కాని పొరపాటు జాతి ఒకటే.

తినడానికి చేసిన సిరా అయితే సీసా మీద దానిలోని పదార్థాల పట్టిక ఉంటుంది, ఏ రంగు వాడారో పేరు ఉంటుంది. కేకు చెప్పేటప్పుడే ఆ సీసాను చూపమని అడగడంలో తప్పులేదు. చూపడానికి ఇష్టపడని దుకాణంలో బొమ్మ లేని కేకు తీసుకోవచ్చును. పిల్లవాని పేరు క్రీముతో రాసి ఇస్తారు.